మిలిటరీ ఆస్పత్రి పెద్దదవుతుంటే మన రోడ్డు సంగతి ఎలా చూసుకోవాలి: బెథెస్డా అనుభవంతో

మేరీల్యాండ్‌లో బెథెస్డా దాటగానే రాక్‌విల్ పైక్ మీద మెడికల్ సెంటర్ అని మెట్రో స్టేషన్ ఉంది, రెడ్ లైన్‌లో. పొడుగాటి ఎస్కలేటర్ ఎక్కి బయటికొచ్చి నిలబడితే మనమున్న వైపు ఎన్‌ఐహెచ్ (ఫెడరల్ ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ), రోడ్డుకి అటుపక్క వాల్టర్ రీడ్ మిలిటరీ ఆస్పత్రి. నేను చాలా ఏళ్ళు ఆ స్టేషన్లోనే దిగాను. ఆస్పత్రి పెద్దదవడం, రోడ్డు నిండిపోవడం, కౌంటీ మీటింగుల్లో జనం మాట్లాడటం అన్నీ దగ్గర్నుంచి చూశా కాబట్టి, ఇలాంటి ప్రాజెక్టు మీ ఇంటి పక్కకో ఆఫీసు పక్కకో వస్తే ఏం చూడాలి, ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నది ఒకచోట రాసి పెడుతున్నా. రాక్‌విల్, గేథర్స్‌బర్గ్, జర్మన్‌టౌన్ వైపు నుంచి ఈ రోడ్డు మీదుగా పనికెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ముందు పనికొస్తుంది.

కథ చిన్నగా చెప్తా. 2005లో అమెరికా ప్రభుత్వం కొన్ని మిలిటరీ బేసులు మూసి కొన్ని కలిపేసే నిర్ణయం తీసుకుంది, దాన్ని బ్రాక్ అంటారు. అందులో వాషింగ్టన్ సిటీలో జార్జియా ఎవెన్యూ మీదున్న పాత వాల్టర్ రీడ్ ఆర్మీ ఆస్పత్రిని మూసేసి, బెథెస్డాలో ఉన్న నేవీ ఆస్పత్రిలో కలపమన్నారు. గడువు 2011 సెప్టెంబర్ 15, అది చట్టంలో ఉన్న తేదీ కాబట్టి వాయిదా అనే మాటే లేదు. సుమారు 2,500 మంది స్టాఫ్ కొత్తగా వస్తారు, ఏడాదికి వచ్చే పేషెంట్లు, విజిటర్లు దాదాపు 5 లక్షల నుంచి 10 లక్షలకి పెరుగుతారు అని అప్పటి అంచనా. రోడ్డు మాత్రం అదే రోడ్డు, పైగా అప్పటికే పొద్దున పూట కదలని రోడ్డు.

నేను చెప్పేదాంట్లో అసలు విషయం ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి: కార్లు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి, వాళ్ళు గేటు దగ్గర చివరి రెండు వందల గజాలు ఎలా దాటుతున్నారో చూడండి. హైవే మీద లేన్ పెంచడం గురించి అందరూ మాట్లాడతారు, ఆ చివరి ముక్క గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఇబ్బంది మొత్తం అక్కడే ఉంటుంది.

ముందు కాగితాలు పట్టుకోండి

ఇంత పెద్ద ఫెడరల్ ప్రాజెక్టుకి పర్యావరణ ప్రభావం రిపోర్టు ఒకటి తయారు చేస్తారు, ఇక్కడ నేవీ 2008లో ఫైనల్ రిపోర్టు ఇచ్చింది. వందల పేజీలుంటుంది, చూడగానే భయమేస్తుంది, కానీ మొత్తం చదవక్కర్లేదు, ట్రాఫిక్ స్టడీ ఉన్న భాగం తీసుకుని మూడు విషయాలు వెతకండి. మొదటిది, లెక్క ఏ సంవత్సరానికి వేశారు, ఆస్పత్రి తెరిచిన రోజుకా లేక చుట్టుపక్కల కట్టబోయే మిగతా బిల్డింగులు కూడా కలుపుకునా. రెండోది, ఏ గంటల్లో లెక్కపెట్టారు. మూడోది, నడిచేవాళ్ళని, బస్సు దిగేవాళ్ళని అసలు లెక్కపెట్టారా లేదా. చాలా స్టడీల్లో కూడళ్ళ దగ్గర కార్ల లెక్క పక్కాగా ఉంటుంది, నడిచేవాళ్ళ గురించి ఒక పేరా రాసి వదిలేస్తారు. మీరు రాసే కామెంట్‌లో ముందు దీన్నే పట్టుకోండి.

ఆ రిపోర్టు డ్రాఫ్ట్ మీద జనం రాసిచ్చిన కామెంట్లు ఫైనల్ రిపోర్టులో చేర్చి జవాబులు రాయడం అప్పటి పద్ధతి. 2025లో ఈ రూల్స్ చాలా మారాయి, కాబట్టి మీ ప్రాజెక్టుకి కామెంట్ గడువు ఎన్ని రోజులో, అసలు ఉందో లేదో మొదటి వారంలోనే కనుక్కోండి. గడువు అయిపోయాక ఎంత బాగా రాసినా ఎవరూ చూడరు. రాసేటప్పుడు కూడా "ట్రాఫిక్ ఎక్కువైపోతుంది" అని రాస్తే లాభం లేదు, అది వాళ్ళకీ తెలుసు. "ఫలానా కూడలి దగ్గర పొద్దున 6:30 నుంచి 7:30 వరకు మీరు లెక్కపెట్టలేదు, నర్సుల షిఫ్టు మారేది అప్పుడే" అని రాయండి. అలాంటిదానికి జవాబు చెప్పకుండా తప్పించుకోలేరు.

ఆస్పత్రి ట్రాఫిక్ ఆఫీసు ట్రాఫిక్ లాంటిది కాదు

ఆఫీసైతే పొద్దున అందరూ వస్తారు, సాయంత్రం అందరూ పోతారు. ఆస్పత్రిలో నర్సులు పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు, చాలాచోట్ల ఏడు నుంచి ఏడు, అంటే వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఒకే అరగంటలో గేటు దగ్గర ఎదురెదురు పడతారు, పార్కింగ్‌లో కూడా పాత షిఫ్టు కారు తియ్యకముందే కొత్త షిఫ్టు కారుకి చోటు కావాలి. తర్వాత క్లినిక్కులు మొదలవుతాయి, అపాయింట్‌మెంట్లన్నీ ఎనిమిదికీ పదికీ మధ్యలో కుక్కేస్తారు. ఇక పేషెంట్లు అంటే దారి తెలియనివాళ్ళు, మూడు రాష్ట్రాల అవతల నుంచి వచ్చినవాళ్ళు, ముసలివాళ్ళు, వీల్‌చెయిర్లో ఉన్నవాళ్ళు. వాళ్ళు తప్పు లేన్లో ఉంటారు, గేటు ముందు ఆగి అడుగుతారు. వాళ్ళని తప్పుపట్టలేం, బోర్డులు వాళ్ళ కోసం పెట్టాలి, బెల్ట్‌వే (వాషింగ్టన్ చుట్టూ తిరిగే రింగు రోడ్డు) దిగిన దగ్గర్నుంచే పెట్టాలి.

అందుకని ఆస్పత్రివాళ్ళతో మాట్లాడే అవకాశం దొరికితే, రోడ్డు గురించి అడిగే ముందు షిఫ్టు టైముల గురించి అడగండి. కొన్ని వార్డులు 6:30కి, కొన్ని 7:30కి మార్చినా, క్లినిక్ అపాయింట్‌మెంట్లు కొన్ని మధ్యాహ్నానికి జరిపినా గేటు మీద భారం తగ్గుతుంది, దానికి తట్ట మట్టి కూడా తవ్వక్కర్లేదు. ఇంకోటి, వారాల తరబడి ఉండే పేషెంట్ల కుటుంబాలకి బేస్ లోపలే బస ఉంటే వాళ్ళు రోజూ కారులో రావక్కర్లేదు. బెథెస్డాలో ఫిషర్ హౌస్‌లు అలాంటివే, కుటుంబాలకి కిరాయి లేకుండా ఉండటానికి ఇస్తారు. ఆ మంచి పని ట్రాఫిక్‌కి కూడా మంచిదే, కొత్త ప్లాన్‌లో అలాంటి గదులు ఎన్నున్నాయో అడగండి.

గేటు లెక్క మీరే వేసుకోవచ్చు

మిలిటరీ ఆస్పత్రికీ మామూలు ఆస్పత్రికీ పెద్ద తేడా గేటు. ప్రతి కారూ ఆగాలి, ఐడీ చూపించాలి. ఒక గార్డుకి ఒక కారుకి 12 సెకన్లు పడుతుందనుకోండి, గంటకి ఆ లేన్లో 300 కార్లు పోతాయి, అంతకు మించి పోవు. 360 వచ్చాయనుకోండి, గంట తిరిగేసరికి 60 కార్లు బయట ఉంటాయి, ఒక్కో కారుకి పాతిక అడుగులు వేసుకుంటే 1,500 అడుగులు, అంటే పావు మైలు దాటిన క్యూ. గేటుకీ మెయిన్ రోడ్డుకీ మధ్య అంత చోటు మామూలుగా ఉండదు, కాబట్టి ఆ క్యూ పబ్లిక్ రోడ్డు మీదకి వచ్చేస్తుంది, ఆస్పత్రితో సంబంధమే లేనివాళ్ళు కూడా ఇరుక్కుంటారు. అది చూసి జనం "రోడ్డు సరిపోవట్లేదు" అంటారు, నిజానికి సరిపోనిది గేటు.

ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి ఇరవై కార్లకి ఎంత టైం పట్టిందో చూస్తే మీ లెక్క మీకొస్తుంది. ఒక జాగ్రత్త, మిలిటరీ గేటు ఫొటోలు, వీడియోలు తియ్యకండి, నోట్‌బుక్ చాలు, ఎవరైనా అడిగితే ఏం చేస్తున్నారో సూటిగా చెప్పండి, కావాలంటే ముందే కౌంటీవాళ్ళకి చెప్పి వెళ్ళండి. లెక్క చేతిలో ఉన్నాక అడగాల్సినవి ఇవి: రద్దీ గంటలో ఒకే లేన్లో ఇద్దరు గార్డులు ముందూ వెనకా నిలబడి రెండు కార్లు ఒకేసారి చూస్తారా, ఐడీ లేని విజిటర్లకి పాస్ ఇచ్చే చోటు మెయిన్ లేన్‌కి పక్కగా ఉందా లేక వాళ్ళు క్యూలోంచి వెనక్కి తిరగాలా, సరుకుల లారీలకి వేరే గేటూ వేరే టైమూ ఉన్నాయా. బేస్ లోపలి గోడని ఇంకాస్త లోపలికి జరిపి క్యూకి చోటు ఇవ్వమని కూడా అడగొచ్చు, కొత్తగా కడుతున్నప్పుడే అది కుదురుతుంది, కట్టేశాక ఎవరూ ఒప్పుకోరు.

అంబులెన్సుల సంగతి కూడా మర్చిపోవద్దు. బెథెస్డాలో ఎన్‌ఐహెచ్‌కి అటువైపు ఓల్డ్ జార్జ్‌టౌన్ రోడ్డు మీద సబర్బన్ హాస్పిటల్ ఉంది, మామూలు జనానికి పెద్ద యాక్సిడెంట్ అయితే ఎక్కువగా తీసుకెళ్ళేది అక్కడికే. మిలిటరీ ఆస్పత్రి క్యూ వల్ల పక్క సివిల్ ఆస్పత్రి అంబులెన్స్ ఆగిపోకూడదు. ఈ మాట మీటింగులో చెప్తే అందరూ వింటారు, ఎందుకంటే అది అందరి ఇంటి సంగతి.

పార్కింగే కొళాయి

పార్కింగ్ ఎంత పెడితే కార్లు అంత వస్తాయి. వాషింగ్టన్ ప్రాంతంలో ఫెడరల్ కట్టడాల ప్లాన్లు చూసే నేషనల్ క్యాపిటల్ ప్లానింగ్ కమిషన్ అని ఒకటుంది, సిటీ బయట మెట్రోకి 2,000 అడుగుల లోపల ఉన్న ఫెడరల్ ఆఫీసులకి ముగ్గురు ఉద్యోగులకి ఒక పార్కింగ్ అని వాళ్ళు లెక్క పెట్టారు. ఇది స్టాఫ్‌కి మాత్రమే, పేషెంట్ల పార్కింగ్ వేరు, దాన్ని తగ్గించమని అడగడం తప్పు, కీమో చేయించుకుని వచ్చేవాళ్ళని మెట్రో ఎక్కమనలేం. స్టాఫ్ చోటు తగ్గించి, ఆ చోటుకి బదులు ఏమిస్తున్నారో అడగండి: మెట్రో ఖర్చు ఇస్తున్నారా (2025లో నెలకి 325 డాలర్ల దాకా టాక్స్ లేకుండా ఇచ్చే వీలుండేది), కార్‌పూల్ వాళ్ళకి దగ్గర పార్కింగ్ ఇస్తున్నారా, రాత్రి పూట హఠాత్తుగా ఇంటికి పోవాల్సొస్తే టాక్సీ ఏర్పాటు ఉందా. ఈ ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ "పిల్లాడికి జ్వరమొస్తే ఎలా వెళ్ళాలి" అన్న భయంతోనే చాలామంది తల్లులు కారు వదలరు. వాషింగ్టన్ ప్రాంతంలో కమ్యూటర్ కనెక్షన్స్ వాళ్ళు గ్యారంటీడ్ రైడ్ హోమ్ అని సరిగ్గా దీనికోసమే నడుపుతున్నారు, ముందే పేరు నమోదు చేసుకోవాలి.

మెట్రో లేనిచోట ఏమవుతుందో కూడా అదే బ్రాక్‌లో చూశాం. వర్జీనియాలో అలెగ్జాండ్రియాలోని మార్క్ సెంటర్‌కి 6,400 మంది డిఫెన్స్ ఉద్యోగుల్ని పంపించారు, పక్కన మెట్రో లేదు, హైవే పక్కనే బిల్డింగు, చివరికి కాంగ్రెస్సే జోక్యం చేసుకుని పార్కింగ్ వాడకాన్ని కట్టడి చెయ్యాల్సొచ్చింది. వర్జీనియాలోనే ఫోర్ట్ బెల్వార్ అనే మిలిటరీ బేస్‌లో 2011లో కొత్త మిలిటరీ ఆస్పత్రి తెరిచారు, అక్కడా మెట్రో నడిచి వెళ్ళే దూరంలో లేదు, రూట్ 1 రోడ్డుని వెడల్పు చెయ్యడానికే 18 కోట్ల డాలర్ల ఫెడరల్ గ్రాంట్ పోయింది. బెథెస్డాకి స్టేషన్ గుమ్మం ముందే ఉంది, అది పెద్ద అదృష్టం. కానీ గుమ్మానికీ ఆస్పత్రికీ మధ్య ఆ రోడ్డుంది.

ఆ రోడ్డు దాటడం

ఒక చలికాలం పొద్దున నాకు బాగా గుర్తు. స్టేషన్ నుంచి బయటికొచ్చిన గుంపులో నేనూ ఉన్నా, అటువైపు ఆస్పత్రికి వెళ్ళాల్సిన వాళ్ళు సిగ్నల్ దగ్గర బటన్ నొక్కి నిలబడ్డారు. వాళ్ళలో ఒక కుర్రాడు, ఇరవై ఐదు దాటుండవు, ఒక కాలు మోకాలి కింద లోహపు కాలు, చేతిలో కర్ర. నడిచే బొమ్మ వెలిగింది, అందరం కదిలాం, గుంపు అటు చేరిపోయింది, అతను ఇంకా మధ్యలో ఉండగానే అంకెలు అయిపోవచ్చాయి, లెఫ్ట్ తిరగాల్సిన కారు ముందుకి జరుగుతూ ఆగుతూ ఉంది. ఒక నర్సమ్మ వెనక్కెళ్ళి అతని పక్కన నిలబడింది, చెయ్యి పట్టుకోలేదు, ఊరికే పక్కన నడిచింది, అంతే. దేశం కోసం కాలు పోగొట్టుకున్న మనిషి తన ఆస్పత్రి ముందున్న రోడ్డు దాటడానికి సెకన్లు లెక్కపెట్టుకోవాల్సి రావడం నేను ఇప్పటికీ తట్టుకోలేను. మీటింగుల్లో నేను నోరు విప్పడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

దీని వెనకాల ఉన్న లెక్క అందరికీ తెలియాలి. అమెరికాలో సిగ్నల్ టైం పెట్టేటప్పుడు మామూలుగా మనిషి సెకనుకి 3.5 అడుగులు నడుస్తాడని తీసుకుంటారు. రోడ్డు 90 అడుగులనుకుంటే సుమారు 26 సెకన్లు. కర్రతో నడిచే మనిషి సెకనుకి 2.5 అడుగులే నడిస్తే 36 సెకన్లు కావాలి. పది సెకన్ల తేడా. ఆస్పత్రి ముందు ఆ 3.5 పనికిరాదు, ఇంకా నెమ్మదిగా నడిచేవాళ్ళని బట్టి టైం పెట్టాలి అని రాసి అడగండి, ఇంజినీర్లకి ఆ వెసులుబాటు ఉంటుంది. నడిచేవాళ్ళకి కార్ల కంటే కొన్ని సెకన్ల ముందు వదలమని, ఆ కూడలిలో రెడ్ మీద రైట్ తిరగడం ఆపమని కూడా అడగండి. ఈ మూడూ కొన్ని వారాల్లో అయిపోయే పనులు, కోట్లు అక్కర్లేదు.

పెద్ద పరిష్కారం మాత్రం చాలా టైం తీసుకుంది. పైక్ కింద నుంచి నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ టన్నెల్, ఆస్పత్రి వైపు నుంచి నేరుగా లోతుగా ఉన్న ప్లాట్‌ఫాం దగ్గరికి దిగే లిఫ్టులు, ఇవి కట్టడానికి 4 కోట్ల డాలర్ల ఫెడరల్ గ్రాంట్ వచ్చింది. ఆస్పత్రి 2011లో మారిపోయింది, టన్నెల్ పని మొదలవడానికే ఆ తర్వాత ఆరేళ్ళు పట్టింది, పూర్తవడానికి ఇంకొన్నేళ్ళు. ఇప్పుడు ఆస్పత్రి వైపు లిఫ్టు దిగితే రోడ్డు ముట్టుకోకుండా ప్లాట్‌ఫాం మీదకి వెళ్ళొచ్చు, వీల్‌చెయిర్ వాళ్ళకి ఇంతకంటే మేలు చేసిన పని ఇక్కడ ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఇలాంటి పని మీ దగ్గర కావాలంటే ఆస్పత్రి డిజైన్ గీస్తున్న రోజుల్లోనే అడగాలి, తెరిచాక అడిగితే పదేళ్ళు పడుతుంది.

బస్సులు, షటిళ్ళు

రైలు ఒక్కటే సరిపోదు, నర్సింగ్ అసిస్టెంట్లు, క్లీనింగ్ స్టాఫ్, వంటింటి వాళ్ళు చాలామంది బస్సు మీద వస్తారు, అదీ తెల్లవారకముందే. ఇక్కడ మోంట్‌గోమరీ కౌంటీ రైడ్ ఆన్ బస్సులు నడుపుతుంది, 355 రోడ్డు (రాక్‌విల్ పైక్ నంబరు అదే) మీద గేథర్స్‌బర్గ్‌లోని లేక్‌ఫారెస్ట్ నుంచి మెడికల్ సెంటర్ దాకా తక్కువ స్టాపులతో ఎక్స్‌ట్రా అనే సర్వీసు 2017లో మొదలైంది, 2025 నుంచి రైడ్ ఆన్ టికెట్టే తీసేశారు. మీ ఊళ్ళో చూడాల్సింది మొదటి బస్సు టైం. షిఫ్టు ఏడింటికైతే, గేటు దగ్గర ఐడీ చూపించి లోపల వార్డు దాకా నడవడానికి పదిహేను ఇరవై నిమిషాలు తీసేస్తే, బస్సు 6:30కల్లా దింపాలి. ఆదివారం టైంటేబుల్ కూడా చూడండి, ఆస్పత్రికి ఆదివారం ఉండదు.

షటిల్ విషయంలో నాకొక చేదు అనుభవం ఉంది. మా ఆఫీసు వైపు స్టేషన్ షటిల్ స్టాపుని ఒకసారి పని జరుగుతోందని కాస్త దూరం జరిపారు, ఒక కాగితం అంటించారు, అంతే. వానలో జనం పాత స్టాపు దగ్గర నిలబడ్డారు, మా పక్కింటి పిన్నిగారు మోకాళ్ళ నొప్పితో ముప్పావు గంట నిలబడి చివరికి నాకు ఫోన్ చేసింది, "బాబూ, బస్సు రాదా ఇవాళ?" అని. అందుకే పని జరిగే రోజుల్లో స్టాపు ఎటు మారుతుంది, నడిచే దారి ఎటు, రాత్రి లైటు ఉంటుందా అన్నది కాంట్రాక్టులోనే రాయించమని అడగండి. కార్లకి డైవర్షన్ ప్లాన్ పద్ధతిగా వేస్తారు, నడిచేవాళ్ళకి "ఫుట్‌పాత్ మూసివేయబడింది" అని బోర్డు పెట్టి వదిలేస్తారు.

డబ్బు ఎవరిస్తారు

ఇక్కడే చాలా ఊళ్ళు దెబ్బతింటాయి. బేస్ లోపల రోడ్లు మిలిటరీవి, బయటి రోడ్లు రాష్ట్రానివో కౌంటీవో. బయటి రోడ్లకి డిఫెన్స్ శాఖ డబ్బిచ్చే పద్ధతి ఒకటుంది, డిఫెన్స్ యాక్సెస్ రోడ్స్ అంటారు, కానీ దాని పాత రూల్ ప్రకారం బేస్ వల్ల ట్రాఫిక్ రెట్టింపైతేనే అర్హత. ఇప్పటికే నిండిపోయిన పైక్ లాంటి రోడ్డు మీద రెట్టింపు కార్లు పట్టవు, కాబట్టి ఎక్కువ బాధపడే రోడ్డుకే అర్హత రాదు. 2011లో ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డు తన రిపోర్టులో ఈ లోపాన్ని ఎత్తిచూపింది. అదే ఏడాది కాంగ్రెస్ మిలిటరీ ఆస్పత్రుల చుట్టూ రోడ్ల కోసం ప్రత్యేకంగా 30 కోట్ల డాలర్లు కేటాయించింది, పైన చెప్పిన టన్నెల్ డబ్బు, రూట్ 1 డబ్బు వచ్చింది అందులోంచే. అది దానంతట అదే రాలేదు, ఇక్కడి కౌంటీ, కాంగ్రెస్ సభ్యులు, కాలనీ సంఘాలు కలిసి ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది. కౌంటీ ఒక బ్రాక్ కమిటీ వేసి నేవీ, ఎన్‌ఐహెచ్, రాష్ట్ర రోడ్ల శాఖ, కాలనీల వాళ్ళని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది, మీ దగ్గర అలాంటి కమిటీ లేకపోతే మొదటి కోరిక అదే పెట్టండి. ఒకరినొకరు చూపించి తప్పించుకోవడం అప్పుడే తగ్గుతుంది.

కూడళ్ళ పని కూడా అలాగే. ఇక్కడ పైక్ మీద సీడర్ లేన్ దగ్గర, జోన్స్ బ్రిడ్జ్ రోడ్డు దగ్గర, కనెక్టికట్ ఎవెన్యూ మీద జోన్స్ బ్రిడ్జ్ దగ్గర, ఓల్డ్ జార్జ్‌టౌన్ రోడ్డు మీద సీడర్ లేన్ దగ్గర, నాలుగు కూడళ్ళు పట్టుకున్నారు. మైళ్ళ తరబడి రోడ్డు వెడల్పు చెయ్యకుండా ఇరుక్కునే నాలుగు చోట్లే సరిచెయ్యడం తెలివైన పని. అయినా ఏళ్ళు పట్టింది, కరెంటు స్తంభాలు, నీళ్ళ పైపులు, గ్యాస్ లైన్లు జరపడంలోనే చాలా కాలం పోతుంది కాబట్టి "తవ్వడం ఎప్పుడు" అని కాకుండా "పైపులు జరపడం ఎప్పుడు మొదలు" అని అడగండి, అసలు తేదీ అందులో ఉంటుంది.

ఇలాంటి ఆస్పత్రికి మామూలు ఆస్పత్రికి లేని రోజులు కొన్ని వస్తాయి. ప్రెసిడెంట్లు ఇక్కడికే చెకప్‌కి వస్తారు. 2020 అక్టోబర్‌లో ట్రంప్ కోవిడ్‌తో మూడు రోజులు ఇక్కడున్నప్పుడు పైక్ పక్కన జనం జెండాలతో చేరిపోయారు. అలాంటి రోజు స్టాఫ్‌కి, డయాలిసిస్‌కి వచ్చే పేషెంట్‌కి ఏ గేటు తెరిచి ఉంటుంది, ఆ కబురు వాళ్ళ ఫోన్‌కి ఎంతసేపట్లో వస్తుంది అని ముందే అడిగి పెట్టుకోవాలి.

సికింద్రాబాద్‌లో చదువుతున్నవాళ్ళకి ఒక మాట. నేను పెరిగింది తిరుమలగిరి వైపు, కంటోన్మెంట్ రోడ్డు గేటు పడితే ఎంత చుట్టు తిరగాలో చిన్నప్పటి నుంచి తెలుసు. 2018లో రక్షణ శాఖ కంటోన్మెంట్ రోడ్లు తెరవమంది, 2024లో ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు, డెయిరీ ఫామ్ రోడ్డు వైపు ఎలివేటెడ్ కారిడార్లకి రక్షణ భూములు ఇవ్వడానికి ఒప్పుకుంది. అక్కడ రూల్స్ వేరు, శాఖలు వేరు, కానీ గేటు లెక్క, కాలినడక లెక్క ఒకటే, స్టాప్‌వాచ్ అక్కడా పనిచేస్తుంది.

ఆఖరుగా, తెరిచిన తర్వాత చెయ్యాల్సిన పని. రిపోర్టులో రాసిన అంచనా ఒక కాగితం మీద ఎత్తి రాసుకోండి: ఏ గేటుకి ఎన్ని కార్లు, స్టాఫ్‌లో ఎంతమంది మెట్రోలో వస్తారన్నారు, క్యూ ఎంత దూరమన్నారు. ఆస్పత్రి తెరిచిన మూడో నెలలో ఒక మంగళవారం, ఒక గురువారం, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా నలుగురు వంతులేసుకుని మళ్ళీ లెక్కపెట్టండి. సోమవారం, శుక్రవారం వద్దు, ఆ రోజుల్లో జనం లెక్క తేడాగా ఉంటుంది. స్కూళ్ళకి సెలవులున్న వారం కూడా వద్దు. వాళ్ళ అంచనా, మీ లెక్క పక్కపక్కన పెట్టి కమిటీకి పంపండి, ఏడాది తిరిగాక అదే నెలలో మళ్ళీ పంపండి.